లోకల్‌హోస్ట్ మాంగోడీబీకి కనెక్షన్ రిఫ్యూజ్డ్: మిల్లు పీసీలో ఒక ఎర్రర్, ల్యాప్‌టాప్‌లో ఇంకొకటి

మిర్యాలగూడ_కాంటా:

అన్నలూ, రైస్ మిల్లు ధర్మకాంటా దగ్గర లారీ తూకం టోకెన్లు రాసే చిన్న యాప్ ఉన్నది. నోడ్ 18, ఎక్స్‌ప్రెస్, మాంగూస్ (నోడ్‌ను మాంగోడీబీకి కలిపే లైబ్రరీ), డేటాబేస్ మాంగోడీబీ 6.0. రెండు మిషన్లల్ల నడవాలె, రెండింట్ల కూడా నడుస్తలేదు.

మిల్లు పీసీ ఉబుంటు 22.04. రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా దిగిపోయి పీసీ ఆగింది. పొద్దున ఆన్ చేసినంక వస్తున్న ఎర్రర్: కనెక్ట్ ఈకాన్‌రిఫ్యూజ్డ్ 127.0.0.1:27017. ఒక వీడియోల చూపినట్టు సుడో పెట్టి మాంగోడ్‌ను (మాంగోడీబీ సర్వర్ ప్రోగ్రామ్) చేత్తోని నడిపితే (డీబీపాత్ /వార్/లిబ్/మాంగోడీబీ అని ఇచ్చి) యాప్ పనిచేసింది. టెర్మినల్ మూస్తే మళ్ల అదే ఎర్రర్. ఇప్పుడు సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ మాంగోడ్ అంటే కూడా లేస్తలేదు.

ల్యాప్‌టాప్ విండోస్ 11. నోడ్ 16 నుంచి 18కి మార్చినంక వస్తున్నది: కనెక్ట్ ఈకాన్‌రిఫ్యూజ్డ్ ::1:27017. సర్వీసెస్‌ల మాంగోడీబీ రన్నింగ్ అనే చూపిస్తున్నది. కంపాస్‌ల (మాంగోడీబీ డేటా చూసే యాప్) 127.0.0.1 అని పెడితే డేటా మంచిగనే కనబడుతున్నది.

కనెక్షన్ స్ట్రింగ్ రెండింట్ల ఒక్కటే: మాంగోడీబీ://లోకల్‌హోస్ట్:27017/కాంటా. ఫైర్‌వాల్ ఆఫ్ చేసి చూసిన, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ తీసేసి మళ్ల ఇన్‌స్టాల్ చేసిన, ఫరక్ లేదు. బైండ్ ఐపీ (మాంగోడీబీ ఏ అడ్రసు మీద లిజన్ చెయ్యాల్నో చెప్పే సెట్టింగ్) 0.0.0.0 పెట్టుమంటున్నరు. పెట్టాల్నా?

నకిరేకల్_బ్యాకెండ్:

పెట్టకు తమ్మీ. 0.0.0.0 అంటే నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి మిషన్‌కూ డేటాబేస్ తెరిచినట్టు. నీ ఎర్రర్‌కు దానితో సంబంధమే లేదు. పాస్‌వర్డ్ లేకుండా అట్లా తెరిచిపెట్టిన మాంగోడీబీలను 2017 మొదట్లో వేలల్లో తుడిచేసి డబ్బులు అడిగారు. మాంగోడీబీ 3.6 నుంచి డిఫాల్టుగా లోకల్‌హోస్ట్ మీదనే లిజన్ చేసేది అందుకే.

ముందు ఎర్రర్‌ను పూర్తిగా చదువు. రిఫ్యూజ్డ్ అంటే తలుపు తడితే లోపల ఎవరూ లేరని కెర్నలే జవాబు చెప్పినట్టు: ఆ అడ్రసు మీద, ఆ పోర్టు మీద లిజన్ చేసే ప్రాసెస్ లేదు. పాస్‌వర్డ్ తప్పైతే ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అని వస్తుంది, అంటే అప్పటికే కనెక్షన్ కుదిరినట్టు. ఫైర్‌వాల్ ప్యాకెట్లను మింగితే ఈటైమ్‌డౌట్ వస్తుంది, అదీ చాలాసేపు ఆగినాక. హోస్టు పేరు దొరక్కపోతే ఈనాట్‌ఫౌండ్. కాబట్టి ఫైర్‌వాల్, నోడ్ మాడ్యూల్స్ జోలికి పోయే పనే లేదు.

నీ రెండు ఎర్రర్లు ఒకే తీరుగా కనబడుతున్నా జబ్బులు వేరు. చివర ఉన్న అడ్రసులు చూడు, ఒకటి 127.0.0.1, ఇంకొకటి ::1. రెండూ ఇదే మిషన్ అని అర్థం, మొదటిది ఐపీవీ4 అడ్రసు, రెండోది ఐపీవీ6.

ల్యాప్‌టాప్ సంగతి ముందు తేల్చుదాం, అది సులువు. నోడ్ 16 దాకా లోకల్‌హోస్ట్ అంటే ఐపీవీ4 అడ్రసును ముందుకు తెచ్చి వాడేది. నోడ్ 17 నుంచి ఆ పద్ధతి తీసేశారు, ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వరుసలో ఇస్తే అదే వరుస. విండోస్ ::1 ముందు ఇస్తుంది. మాంగోడీబీలో ఐపీవీ6 డిఫాల్టుగా ఆఫ్, అది 127.0.0.1 మీదనే కూర్చుంటుంది. కంపాస్ దొరకబట్టడానికి, నోడ్ దొరకబట్టకపోవడానికి కారణం ఇదే. స్ట్రింగ్‌లో లోకల్‌హోస్ట్ తీసి 127.0.0.1 రాయి, అయిపోతుంది. స్ట్రింగ్ ముట్టుకోవద్దనుకుంటే మాంగూస్ కనెక్ట్ ఆప్షన్లలో ఫ్యామిలీ: 4 ఇవ్వు, లేకపోతే నోడ్‌ను --డీఎన్ఎస్-రిజల్ట్-ఆర్డర్=ఐపీవీ4ఫస్ట్ అనే ఫ్లాగ్‌తో నడుపు.

మిల్లు పీసీలో అడ్రసు సరిగ్గానే ఉంది, అక్కడ మాంగోడే నడుస్తలేదు. ఈ మూడు నడిపి అవుట్‌పుట్ పెట్టు (ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్న, కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు):

సుడో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ | గ్రెప్ 27017
సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ మాంగోడ్
సుడో టెయిల్ -ఎన్ 50 /వార్/లాగ్/మాంగోడీబీ/మాంగోడ్.లాగ్

మొదటిదానికి ఏమీ రాకపోతే ఆ పోర్టు మీద ఎవరూ లేరన్నట్టే. రెండోదాంట్లో రెండు చోట్ల చూడు: లోడెడ్ అనే వరుసలో ఎనేబుల్డ్ ఉందా డిసేబుల్డ్ ఉందా, కింద స్టేటస్= తర్వాత ఏ నంబరు ఉంది. ఒకసారి డీఎఫ్ -హెచ్ కూడా కొట్టి డిస్కు నిండలేదని చూసుకో.

మిర్యాలగూడ_కాంటా:

ల్యాప్‌టాప్ 127.0.0.1 పెట్టంగనే నడిచింది.

మిల్లు పీసీల ఎస్ఎస్‌కు ఖాళీ వచ్చింది. స్టేటస్‌ల లోడెడ్ పక్కన డిసేబుల్డ్ అని ఉన్నది, కింద యాక్టివ్: ఫెయిల్డ్, కోడ్=ఎగ్జిటెడ్, స్టేటస్=14. డిస్కుల సగం ఖాళీనే. లాగ్ ఫైల్ పెద్ద పెద్ద వరుసలు, ఏది చూడాల్నో సమజ్ అయితలేదు. కరెంటు పోయినప్పుడు డేటా పాడైందా? మాంగోడ్.లాక్ ఫైల్ తీసేసి రిపేర్ నడుపుమని ఒక చోట ఉన్నది.

నకిరేకల్_బ్యాకెండ్:

లాక్ ఫైల్ ముట్టకు, రిపేర్ ఇప్పుడే వద్దు. కరెంటు పోతే వైర్డ్‌టైగర్ (మాంగోడీబీలో డేటాను డిస్కు మీద రాసే భాగం) తన జర్నల్ (ముందుగా రాసుకునే చిట్టా) చూసుకొని తానే కోలుకుంటుంది, అందుకు నువ్వు ఏమీ చేయనక్కర్లేదు. రిపేర్ అనేది వేరే దారి లేనప్పుడు, అదీ డేటా ఫోల్డర్ కాపీ తీసి పెట్టుకున్నాక.

ఇక్కడ రెండు సంగతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. డిసేబుల్డ్ అంటే పీసీ ఆన్ అయినప్పుడు సర్వీసు తనంతట తాను లేవదు. ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసి స్టార్ట్ ఒక్కటే కొట్టి ఎనేబుల్ కొట్టకపోతే ఇట్లనే ఉంటుంది. పీసీ బందు కానన్ని రోజులు తెలియదు, కరెంటు పోయిన రోజు బయటపడుతుంది. అది మొదటి రిఫ్యూజ్డ్.

14 వచ్చింది ఆ తర్వాత. సుడోతో చేత్తో నడిపినప్పుడు మాంగోడ్ రూట్ (అడ్మిన్ యూజర్) పేరు మీద నడిచింది. కొత్తగా పుట్టిన డేటా ఫైళ్లు, /టీఎంపీ/మాంగోడీబీ-27017.సాక్ అనే సాకెట్ ఫైలు (అదే మిషన్‌లోని ప్రోగ్రాములు డేటాబేస్‌తో కలిసే దారి) అన్నీ రూట్ సొంతం అయ్యాయి. సర్వీసు నడిచేదేమో మాంగోడీబీ అనే యూజర్ పేరు మీద. దానికి ఆ సాకెట్ ఫైలు తీసే హక్కు లేదు, డేటా ఫైళ్లు తెరిచే హక్కు లేదు, అందుకే లేచీ లేవంగనే పడిపోతున్నది. లాగ్‌లో ప్రతి వరుసా జేసన్, అందులో "ఎస్" విలువ "ఎఫ్" లేదా "ఈ" ఉన్న వరుసలే వెతుకు. పర్మిషన్ డినైడ్ అనో, సాకెట్ ఫైలును అన్‌లింక్ చేయలేకపోయాననో ఉంటుంది.

వరుసగా చెయ్యి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ మాంగోడ్
పీగ్రెప్ -ఏ మాంగోడ్ (ఏమీ రావద్దు, వస్తే పాత టెర్మినల్‌ది ఇంకా నడుస్తున్నట్టు, దాన్ని ముందు ఆపు)
సుడో చోన్ -ఆర్ మాంగోడీబీ:మాంగోడీబీ /వార్/లిబ్/మాంగోడీబీ /వార్/లాగ్/మాంగోడీబీ
సుడో ఆర్ఎం /టీఎంపీ/మాంగోడీబీ-27017.సాక్
సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ మాంగోడ్

పీగ్రెప్ ఖాళీ అని చూసుకున్నాకే సాకెట్ ఫైలు తీయాలె. చోన్ (chown) అంటే ఫైళ్ల సొంతదారును మార్చేది, అందులో -ఆర్ మాత్రం పెద్దక్షరం. ముందు యూజర్, కోలన్ తర్వాత గ్రూపు, ఉబుంటులో రెండూ మాంగోడీబీయే. రెడ్‌హ్యాట్ బాపతు సిస్టమ్స్‌లో యూజర్ పేరు మాంగోడ్ అని ఉంటుంది. ఇది చదివి అక్కడ చేసేవాళ్లు పేరు మార్చుకోండి.

సూర్యాపేట_లినక్స్:

పై జవాబు సరిగ్గానే ఉంది. ఇదే చోట వేరే నంబరు కనబడ్డవాళ్ల కోసం మిగతావి రాస్తున్న.

48 అంటే ఆ పోర్టును ఇప్పటికే ఇంకో ప్రాసెస్ పట్టుకుంది. ఎస్ఎస్ చివర పీఐడీ ఉంటుంది, చాలాసార్లు అది చేత్తో నడిపిన ఇంకో మాంగోడే. 62 అంటే డేటా ఫైళ్లు వేరే వెర్షన్‌వి. 4.4 తీసేసి నేరుగా 6.0 పెడితే వస్తుంది. 4.4 నుంచి 5.0, అక్కడ ఫీచర్ కంపాటిబిలిటీ వెర్షన్ 5.0కు పెంచి, ఆ తర్వాతే 6.0. 100 వస్తే డేటా ఫోల్డర్ లేదా, లాక్ ఇంకొకరి చేతిలో ఉందా చూడాలి. 2 వస్తే మాంగోడ్.కాన్ఫ్‌లో తప్పు. అది యామల్ ఫైల్, ట్యాబ్ పడినా ఒప్పుకోదు.

నంబరు బదులు కోర్-డంప్, సిగ్నల్=ఐఎల్ఎల్ అని ఉంటే ఫైళ్ల తప్పు కాదు, ప్రాసెసర్ పాతది. మాంగోడీబీ 5.0 నుంచి ఏవీఎక్స్ (ప్రాసెసర్‌లో ఉండే ఒక ఆదేశాల గుంపు) ఉన్న ప్రాసెసర్ కావాలి. కాంటాల దగ్గర, ఎరువుల దుకాణాల్లో బిల్లింగ్‌కు పెట్టే పాత సెలెరాన్, పెంటియం పీసీల్లో చాలావాటికి అది లేదు. గ్రెప్ -సీ ఏవీఎక్స్ /ప్రాక్/సీపీయూఇన్ఫో అని కొట్టు, సున్నా వస్తే 5.0, 6.0 ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా లేవవు. 4.4 లేస్తుంది గానీ దానికి సపోర్టు 2024 ఫిబ్రవరితో ముగిసింది. దాన్ని నమ్ముకునేకంటే పీసీ మార్చడమే మంచిదని నా లెక్క.

పాలమూరు_ఎస్‌క్యూఎల్:

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లు ఈ థ్రెడ్ చూసి అదే చేస్తే ఒక చోట మోసపోతారు. లినక్స్ టెర్మినల్‌లో మైఎస్‌క్యూఎల్ క్లయింట్ లోపలికి పోయినంత మాత్రాన పోర్టు తెరిచినట్టు కాదు. హోస్టు ఇవ్వకపోయినా, లోకల్‌హోస్ట్ అని ఇచ్చినా అది టీసీపీ వాడదు, యూనిక్స్ సాకెట్ ఫైలు గుండా పోతుంది. నోడ్ పోయేది 3306 పోర్టు మీద. సరైన పరీక్ష మైఎస్‌క్యూఎల్ -హెచ్ 127.0.0.1 -పీ 3306 (ఇక్కడ పీ పెద్దక్షరం, చిన్నక్షరమైతే పాస్‌వర్డ్ అనుకుంటుంది). అదీ పోకపోతే కాన్ఫిగ్‌లో స్కిప్-నెట్‌వర్కింగ్ ఉందేమో చూడాలి. పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ క్లయింట్) కూడా హోస్టు ఇవ్వకపోతే సాకెట్ ఫైలు గుండానే పోతుంది, -హెచ్ 127.0.0.1 ఇచ్చే పరీక్షించాలి. ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ రెండో వెర్షన్ ఎక్కితే అది 5433 పట్టుకుంటుంది. పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ కొడితే ఏది ఏ పోర్టులో ఉందో, ఏది డౌన్ ఉందో కనబడుతుంది.

ఇంకో సంగతి. డేటాబేస్ వేరే సర్వర్‌లో ఉండి కూడా ఎర్రర్‌లో 127.0.0.1:5432 కనబడితే, ఎన్వ్ ఫైల్ (హోస్టు, పాస్‌వర్డ్ లాంటివి రాసిపెట్టేది) చదవలేదన్నట్టు. నోడ్‌ను పోస్ట్‌గ్రెస్‌కు కలిపే పీజీ లైబ్రరీకి హోస్టు అందకపోతే అడగదు, లోకల్‌హోస్ట్ అనుకొని పోతుంది. డాట్‌ఎన్వ్ ఫైలును వెతికేది ప్రాసెస్ ఏ ఫోల్డర్ నుంచి మొదలైందో ఆ ఫోల్డర్‌లో, కోడ్ ఉన్న ఫోల్డర్‌లో కాదు. పీఎం2తో (నోడ్ యాప్‌లను నడిపిపెట్టే టూల్) వేరే చోటి నుంచి స్టార్ట్ చేసినవాళ్లకు ఇదే తగులుతుంది.

గద్వాల_కంటెయినర్:

డాకర్ (ప్రోగ్రాములను కంటెయినర్లు అనే వేరు వేరు డబ్బాల్లో నడిపే టూల్) సంగతి ఎవరూ ఎత్తలేదు. కంటెయినర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే, పీసీ కాదు. కంపోజ్‌ ఫైల్‌లో (కంటెయినర్ల జాబితా రాసేది) డేటాబేస్ సర్వీసు పేరు మాంగో అయితే స్ట్రింగ్‌లో హోస్టు కూడా మాంగో. పోర్ట్స్‌లో 27018:27017 అని రాసుకున్నా కంటెయినర్ నుంచి కంటెయినర్‌కు 27017 మీదనే పోవాలి, 27018 బయటివాళ్లకు. డిపెండ్స్_ఆన్ ఒక్కటి పెడితే సరిపోదు, అది కంటెయినర్ మొదలైందా అనే చూస్తుంది, డేటాబేస్ తయారైందా అని చూడదు. హెల్త్‌చెక్ రాసి, కండిషన్: సర్వీస్_హెల్దీ పెట్టండి.

మిర్యాలగూడ_కాంటా:

చోన్ చేసి, సాకెట్ ఫైలు తీసి, ఎనేబుల్ కొట్టినంక లేచింది అన్నా. ఎస్ఎస్‌ల 127.0.0.1:27017 కనబడుతున్నది, పాత టోకెన్లు అన్నీ ఉన్నయ్. ఒకటే తకరారు: పీసీ రీస్టార్ట్ చేస్తే అప్పుడప్పుడు యాప్ మాంగోడ్ కంటే ముందే లేచి ఎర్రర్ ఇచ్చి అట్లనే కూసుంటున్నది.

నకిరేకల్_బ్యాకెండ్:

మాంగూస్ మొదటి కనెక్షన్ కుదరకపోతే తనంతట తాను మళ్లీ ప్రయత్నించదు. ఒకసారి కుదిరాక మధ్యలో తెగితేనే మళ్లీ కలుపుకుంటుంది. కాబట్టి కనెక్ట్ దగ్గర క్యాచ్‌లో ఎర్రర్ ప్రింట్ చేసి ప్రాసెస్.ఎగ్జిట్(1) పెట్టు, తిరిగి లేపే పని సిస్టమ్‌డీకి (ఉబుంటులో సర్వీసులను నడిపేది) వదిలెయ్. నీ యాప్ సర్వీసు ఫైల్ యూనిట్ భాగంలో:

ఆఫ్టర్=మాంగోడ్.సర్వీస్
వాంట్స్=మాంగోడ్.సర్వీస్

సర్వీస్ భాగంలో:

రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్
రీస్టార్ట్‌సెక్=5

ఆ తర్వాత సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్. సర్వర్‌సెలెక్షన్‌టైమౌట్‌ఎంఎస్ డిఫాల్టు 30000, అంటే ఎర్రర్ కనబడడానికి అర నిమిషం. 5000 పెట్టుకుంటే వెంటనే తెలుస్తుంది.

ఇంకొకటి, నువ్వు అడగలేదు గానీ ఇది తూకం లెక్క. మాంగోడ్ ఒక్కటే నడిచే చోట జర్నల్ డిస్కు మీదికి దాదాపు 100 మిల్లీసెకన్లకు ఒకసారి పోతుంది. ఆ సందులో కరెంటు పోతే, సేవ్ అయిందని చెప్పిన టోకెన్ కూడా పోవచ్చు. టోకెన్ రాసే చోట రైట్ కన్సర్న్‌లో (ఎక్కడిదాకా రాసినాక సేవ్ అయిందనాలో చెప్పే సెట్టింగ్) డబ్ల్యూ: 1, జె: ట్రూ ఇవ్వు. రాత కొంచెం నెమ్మదిస్తుంది, కాంటా మీద లారీకి ఒక టోకెన్ అనే లెక్కలో అది తెలియను కూడా తెలియదు.