క్లౌడ్ ప్రాక్సీ వెనుక ఉన్నవారికి పొరుగు దేశపు సెర్చ్ ఫలితాలు

ప్రశ్న: మా కార్యాలయ ఇంటర్నెట్ ట్రాఫిక్‌ను క్లౌడ్ భద్రతా ప్రాక్సీకి (మా తరఫున వెబ్‌సైట్లను సంప్రదించే మధ్యవర్తి సర్వర్‌కు) మళ్లించినప్పటి నుంచి, ‘దగ్గరలోని మందుల దుకాణం’ అని వెతికితే ప్రాక్సీ కేంద్రం ఉన్న పొరుగు దేశపు చిరునామాలు, అక్కడి భాషలోనే వస్తున్నాయి. భద్రతను సడలించకుండా దీన్ని సరిదిద్దే మార్గం ఉందా?

సమాధానం 1: సెర్చ్ సర్వర్‌కు కనిపించేది మీ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) కాదు, ప్రాక్సీది; మీరున్న చోటును అది దాన్ని బట్టే అంచనా వేస్తుంది. అభ్యర్థన వెంట వెళ్లే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌లో (అసలు పంపినవారి ఐపీని తెలిపే అదనపు వరుసలో) మీ అసలు పబ్లిక్ ఐపీని ప్రాక్సీ చేర్చగలదు గానీ, గుప్తీకరించిన హెచ్‌టీటీపీఎస్ అభ్యర్థనను విప్పి చూసే (డీక్రిప్ట్ చేసే) టీఎల్‌ఎస్ తనిఖీ లేనిదే అందులో ఒక్క అక్షరం కూడా చేర్చలేదు. ముందుగా చూడవలసింది అదే.

సమాధానం 2: ఆ హెడర్‌ను నమ్మడం, నమ్మకపోవడం అవతలి సర్వర్ ఇష్టం. పైగా 10.0.0.5 వంటి, కార్యాలయ నెట్‌వర్క్ లోపల మాత్రమే వాడే అంతర్గత ఐపీ అందులో వెళ్తే దానితో స్థలాన్ని గుర్తించడం అసాధ్యం.

ప్రశ్న అడిగినవారు: ప్రాక్సీ టీఎల్‌ఎస్ తనిఖీ చేయకుండా వదిలేసే సైట్ల మినహాయింపుల జాబితాలో సెర్చ్ డొమైన్ ఉంది. దాన్ని తొలగించగానే మా ఊరి దుకాణాలే కనిపించాయి. ఇద్దరికీ కృతజ్ఞతలు.