మహమ్మారి వేళ ఐసీయూ డ్యూటీ: 6 గంటల షిఫ్టా, 12 గంటలా?

వార్డు_ఇన్‌చార్జి:
పీపీఈ కిట్‌తో పనిచేసే ఐసీయూలో 12 గంటల షిఫ్టు తీసేసి 6 పెడితే స్టాఫ్ బర్నౌట్ (పని ఒత్తిడితో పూర్తిగా డీలాపడటం) తగ్గుతుందని కొందరు, అంతమంది ఎక్కడ దొరుకుతారని కొందరు. యోగా, చప్పట్ల సంగతి వద్దు. లెక్క చెప్పండి.

వెంటిలేటర్_పక్కన:
6కే నా ఓటు. కిట్‌లో నాలుగు గంటలు దాటితే గాగుల్స్‌కి ఆవిరి పట్టి మందు ఎక్కించే పంపు మీద అంకె సరిగ్గా ఆనదు. బీపీ పెంచే నోరాడ్రినలిన్ రేటు 0.5 పెట్టాల్సిన చోట 5 పడితే బీపీ ఎక్కడికెళ్తుందో చెప్పక్కర్లేదు. బాత్రూమ్‌కి వెళ్లే వీలుండదని డ్యూటీకి ముందే నీళ్లు మానేస్తారు, తలనొప్పి మొదలు. పేషెంటును బోర్లా తిప్పాలంటే తల దగ్గర ఊపిరి ట్యూబ్ పట్టుకునేవారు కాక ఇంకో నలుగురైదుగురు కావాలి. అదీ ఈ కిట్‌తోనే. అలసినవాళ్లు కిట్ విప్పేటప్పుడు బయటి గ్లోవ్‌తోనే మాస్కు తాడు లాగేస్తారు. ఎదురుగా ఒకరు నిలబడి వరస చదివి చెప్పకపోతే ఈ తప్పు తప్పదు.

లెక్కల_పుస్తకం:
బాధ నిజమే, మనుషుల లెక్క కూడా చూడండి. బెడ్ దగ్గర ఎప్పుడూ ఒకరుండాలంటే వారానికి 168 గంటలు. 12 చొప్పున నాలుగు రోజులు, అంటే 48 గంటల వారానికి 3.5 మంది చాలు. రోజుకి 6 చొప్పున ఆరు రోజులంటే 36 గంటలే, అప్పుడు 4.67 మంది. పది బెడ్లకు 35 బదులు 47. సెలవులు, క్వారంటైన్ కలిపి ఐదోవంతు లేరనుకుంటే 44 బదులు 59. ఆ 15 మంది ఆకాశం నుంచి ఊడిపడరు, జనరల్ వార్డు నుంచి లాక్కొస్తారు. వెంటిలేటర్ తెలియని మనిషిని పక్కన పెట్టి రెండు బెడ్లు చూడమంటే పాత నర్సుకి భారం తగ్గిందా, పెరిగిందా? పైగా రోజుకి 2 హ్యాండోవర్లు (డ్యూటీ అప్పగింతలు) కాస్తా 4.

వెంటిలేటర్_పక్కన:
మీ 35లో బ్రేక్ ఇచ్చే మనిషి ఏడండీ? 12 గంటల్లో 4 లోపల, 2 బయట, మళ్లీ 4, 2 అంటే బెడ్డుకి ఒకటిన్నర మంది. పదికి 53 అవుతుంది, 6 గంటల షిఫ్టు కన్నా ఎక్కువే! రిలీవర్ లేకుండా కాగితం మీద రాసే బ్రేకుల వల్లే 12 చవగ్గా కనబడుతోంది.

లెక్కల_పుస్తకం:
ఒప్పుకుంటా. మరి ఏకబిగిన 6 అంటే మీరు గీసిన నాలుగు గంటల గీత దాటినట్టేగా. అక్కడా బ్రేక్ కలిపితే 47 చాలదు. పైగా బయట గడిపే 4 గంటలు వృథా కాదు: ఇంటివాళ్లకి ఫోన్లు, ల్యాబ్ రిపోర్టులు, కేస్ షీట్లు.

మనోవైద్య_విభాగం:
అందరూ గంటల దగ్గరే ఆగారు. బర్నౌట్ కొలిచే మాస్లాక్ స్కేల్‌లో 22 ప్రశ్నలు, మూడు భాగాలు: అలసట, రోగి పట్ల మొద్దుబారడం, చేసే పనిలో ఫలితం లేదనిపించడం. షిఫ్టు కోత ముఖ్యంగా మొదటిదానికే మందు. ఒక్క వెంటిలేటర్ మిగిలి ఇద్దరికి అవసరమైతే ఎవరికో తేల్చే భారం బెడ్ దగ్గరి డాక్టరు మీద వెయ్యకండి, వేరే ట్రయాజ్ బృందం (ఎవరికి ముందు చికిత్సో నిర్ణయించేవాళ్లు) తేల్చాలి. చావు కబురు ఫోన్లో చెప్పే పనీ ఒక్కరికే అంటగట్టకండి. గడ్డు డ్యూటీ అవగానే అందర్నీ కూర్చోబెట్టి కక్కించే ఒక్కపూట డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని (భయంకర అనుభవం తర్వాత వెంటాడే మానసిక సమస్యని) ఆపదని, పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సమీక్షలో తేలింది. బలవంతం అసలే వద్దు. డబ్ల్యూహెచ్‌వో జబ్బుల జాబితా ఐసీడీ-11లో బర్నౌట్ జబ్బు కాదు, పనికి సంబంధించిన స్థితి. సెలవు రోజున కూడా దేనిమీదా మనసు లేక, చావు ఆలోచనలు వస్తుంటే రోస్టర్ (డ్యూటీల పట్టిక) దిద్దుతూ కూర్చోకండి. డిప్రెషన్ కావచ్చు, అదే రోజు చూపించాలి.

వార్డు_ఇన్‌చార్జి:
నైట్లు ఎన్ని వెయ్యొచ్చు?

లెక్కల_పుస్తకం:
వరసగా మూడు మించొద్దు, తర్వాత రెండు రోజులు ఖాళీ. తిప్పడం పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వరసలోనే. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి చురుకు ఇంచుమించు ఒకటే.

వెంటిలేటర్_పక్కన:
12 తప్పదంటే రెండు బెడ్లకు ముగ్గుర్ని ఇలా వెయ్యండి. ఒకరు 0–4, 6–10 గంటలు లోపల. రెండోవారు 2–6, 8–12. మూడోవారు 0–2, 4–8, 10–12. ఎప్పుడు చూసినా ఇద్దరు లోపలుంటారు, ఎవరూ నాలుగు గంటలు దాటరు. మూడోవారు మాత్రం కిట్ మూడుసార్లు తొడిగి విప్పాలి, మిగతావారికి రెండే. ఆ వరస రోజూ ఒకరికే పడకుండా మార్చండి.