దవడ ఎముక విరిగితే ప్లేట్లా, తీగలతో కట్టడమా?

పెన్నాతీరం:
మా తమ్ముడు బైకు మీద నుంచి పడ్డాడు. గడ్డం పక్కన ఎడమవైపు, చెవి కింద దవడ మలుపులో కుడివైపు ఎముక విరిగింది. హెల్మెట్ ఉంది కానీ గడ్డం కప్పేది కాదు. ఎముకకు స్క్రూలతో బిగించే చిన్న లోహపు ప్లేట్లు వేయాలని డాక్టరు గారు అంటున్నారు. పళ్లు తీగలతో కట్టేస్తే అదే అతుక్కుంటుంది, కోత ఎందుకని మా పెదనాన్న పట్టుబడుతున్నారు. చేయించుకున్నవారు చెప్పగలరా?

రాతిగుమ్మం:
నాకూ ఆ రెండు చోట్లే విరిగింది, ప్లేట్లే వేశారు. ముఖం మీద మచ్చ లేదు, పెదవి లోపలి నుంచే కోశారు. మత్తు గొట్టం ముక్కులోంచి వేస్తారు, ఎందుకంటే ఆపరేషన్ మధ్యలో నోరు మూసి చూడాలి. ముందు పై పళ్లను, కింది పళ్లను తీగలతో కలిపి బిగించి, ఆ తర్వాతే స్క్రూలు వేస్తారు. ఎక్స్‌రేలో ఎముక ఎంత చక్కగా కనిపించినా, పళ్లు మునుపటిలా కలవకపోతే నా దృష్టిలో ఆ పని కుదరనట్టే.

ఒక సంగతి ముందే తెలుసుకోండి. కింది పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం ఆ ఎముకలోంచే వెళ్తుంది. నాకు ఎడమవైపు మొద్దుబారి, మెతుకు అంటుకున్నా తెలిసేది కాదు. నెలల తర్వాత చీమలు పాకినట్టు మొదలై స్పర్శ తిరిగి వచ్చింది, పెదవి అంచున మాత్రం ఇంకా కొంత తక్కువే. దెబ్బకే మొద్దుబారిందో లేదో ఆపరేషన్‌కు ముందే పరీక్షించి రాయమనండి.

దంతవైద్య_విద్యార్థి:
పెదనాన్నగారి మాటలో కొంత నిజం ఉంది. ఎముక పక్కకు జరగకుండా ఒకచోటే చిట్లితే, నాలుగు నుంచి ఆరు వారాలు పళ్లు కట్టి ఉంచడం సరిపోవచ్చు. రెండు చోట్ల విరిగి ముక్కలు కదులుతుంటే మాత్రం ప్లేట్లే మేలని నా అభిప్రాయం. నోరు త్వరగా తెరవవచ్చు.

నమిలేటప్పుడు దవడ మలుపులో ఎముక పై అంచు విడిపోవాలని చూస్తుంది, కింది అంచు నొక్కుకుంటుంది. అందుకే అక్కడ పై అంచున ఒక చిన్న ప్లేటు చాలాసార్లు సరిపోతుంది. గడ్డం దగ్గర మెలితిప్పే బలం కూడా ఉంటుంది కాబట్టి రెండు వేస్తారు. ఈ లెక్కను 1970లలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో షాంపీ అనే సర్జన్ బృందం తేల్చింది. విరిగిన గీతలో జ్ఞానదంతం ఉంటే ఏం చేస్తారో అడగండి.

వంటింటికిటికీ:
మా వారికి ప్లేట్ల తర్వాత కూడా కొన్నాళ్లు పై పళ్లను, కింది పళ్లను కలిపి రబ్బరు బ్యాండ్లు వేశారు. ఇంటికి వెళ్లేటప్పుడు కత్తెర దగ్గర ఉంచుకోమన్నారు, వాంతి వస్తే వెంటనే కత్తిరించాలి. తీగలైతే వాటిని కోసే పట్టుకారు అడిగి తెచ్చుకోండి. బ్యాండ్లు ఎలా తీయాలో ఇంట్లో ఇద్దరు నేర్చుకోండి.

రాగి జావ పలుచగా కాచి, టీ వడగట్టే జల్లెడలో రెండుసార్లు వడగట్టేదాన్ని. పలుకు ఒక్కటి మిగిలినా పళ్ల సందులో ఇరుక్కుంటుంది. పప్పుకట్టులో నెయ్యి వేసి, సిరంజికి మెత్తని గొట్టం తగిలించి బుగ్గ లోపల పోసేదాన్ని. మనిషి బాగా తగ్గిపోతారమ్మా, పాలు, గుడ్డు, పెరుగు తగ్గించవద్దు. పసిపిల్లల బ్రష్‌తో తోమి, తిన్న ప్రతిసారీ ఉప్పునీళ్లు పుక్కిలించాలి.

పెన్నాతీరం:
అందరికీ ధన్యవాదాలు. పెదనాన్నకు ఇవన్నీ చదివి వినిపించాను, ఒప్పుకున్నారు. ప్లేట్లు తర్వాత తీయించాలా?

దంతవైద్య_విద్యార్థి:
చీము పట్టడం, ప్లేటు బయటికి కనిపించడం, స్క్రూ వదులవడం లాంటివి లేకపోతే సాధారణంగా అలాగే వదిలేస్తారు. టైటానియం కాబట్టి ఎంఆర్ఐకి మామూలుగా అడ్డు కాదు, అక్కడివారికి మాత్రం చెప్పాలి. మీ తమ్ముడికి సిగరెట్, గుట్కా అలవాటుంటే ఇప్పుడే మాన్పించండి. చీము పట్టే ప్రమాదాన్ని బాగా పెంచేవి అవే.