ష్చెబ్జెషిన్: ఈ ఊరి పేరు తెలుగులో ఎలా రాయాలి?

పోలండ్ మ్యాప్ చూస్తుంటే ఒక ఊరి పేరు తెలుగులో "స్జ్‌క్జెబ్ర్జెస్జిన్" అని కనపడింది. నిజంగా ఇలాగే పలుకుతారా అండీ?

↳ లేదండీ, పోలిష్ స్పెల్లింగుని ఇంగ్లీషు అనుకుని అక్షరానికి అక్షరం దింపేశారు. రాతలో 13 అక్షరాలున్నా పలికేవి 9 ధ్వనులే, ష్చెబ్జెషిన్. "నిశ్చయం"లో శ్చ ఉంది కదా, అక్కడ శ తీసేసి ష పెట్టుకోండి, శ్చుత్వసంధి పుణ్యమా అని మనకి చ ముందు శ యే అలవాటు కాబట్టి నాలుక కొంచెం మొరాయిస్తుంది. మధ్యలో జ మాత్రం టెలివిజన్‌లో ఇంగ్లీషువాళ్ళు పలికే జ, దానికి మనకి అక్షరం లేదు, సర్దుకోవాల్సిందే.

పోలండ్‌లో ఈ ఊరు తెలియనివాళ్ళుండరు, కారణం యాన్ బ్జెహ్వా పిల్లల కోసం రాసిన పద్యం: "ఫ్ ష్చెబ్జెషినె హ్షోంష్చ్ బ్జ్మి ఫ్ ట్ష్చీనె". ష్చెబ్జెషిన్‌లో రెల్లు దుబ్బులో పెంకుపురుగు రొద పెడుతోంది, అంతే అర్థం! మన లక్ష్మయ్య భక్ష్యాల్లాగా నోరు తిరగడానికి కావాలని అల్లిందే, కాకపోతే అన్నీ వాళ్ళు రోజూ వాడే మాటలే. ఆ పురుగు మాట హ్షోంష్చ్ పోలిష్‌లో 9 అక్షరాలు, అందులో అచ్చు ఒక్కటే, మాటలన్నీ అచ్చుతో ముగిసే అజంత భాషవాళ్ళం మనమేమైపోవాలి 😀

↳ అంటే పురుగు తప్ప ఊళ్ళో ఇంకేం లేదా?

↳ ఎందుకు లేదూ, ఫిడేలు వాయించే పురుగు విగ్రహం కూడా ఉంది! సరదాకి అన్నా గానీ, విగ్రహం నిజంగానే ఉంది. ఆగ్నేయ పోలండ్‌లో, జామోష్చ్ పట్నానికి పడమరగా, వ్యెప్ష్ నది ఒడ్డున ఓ 5 వేల జనాభా ఉన్న ఊరు. చుట్టూ లోయెస్ అనే, గాలి మోసుకొచ్చిన మెత్తటి మట్టి, వాన నీళ్ళకి కోసుకుపోయి లోతైన గండ్లు పడి ఉంటాయి. 1772లో ఆస్ట్రియా చేతికి, 1815 తర్వాత రష్యా ఏలుబడికి వెళ్ళింది. యూదులు శతాబ్దాలుగా ఉన్న చోటు, 1942లో నాజీలు వాళ్ళలో చాలామందిని అక్కడే తుపాకులతో కాల్చి చంపారు, మిగతావాళ్ళని బెవ్‌జెత్స్ మరణశిబిరానికి పంపారు. వాళ్ళ 17వ శతాబ్దపు ప్రార్థనా మందిరం యుద్ధంలో కాలిపోతే 1960ల్లో మళ్ళీ కట్టి సాంస్కృతిక కేంద్రంగా వాడుతున్నారు. ఆ యుద్ధం రోజులన్నీ ఊరి ఆసుపత్రి డాక్టరు జిగ్మున్త్ క్లుకోఫ్‌స్కి రహస్యంగా డైరీలో రాసుకున్నాడు, తర్వాత నూరెంబర్గ్‌లో నాజీల మీద జరిగిన విచారణలో సాక్ష్యం కూడా చెప్పాడు. నా లెక్కన ఊరికి పద్యం కన్నా ఆ డైరీతోనే ఎక్కువ పేరు రావాలి. ఇంగ్లీషులో దొరుకుతుంది, చదవండి.