కోడ్ పట్టేసింది నైరన్‌బర్గ్ కదా, మరి ఖొరానా చేసిందేంటి?

చివరిబెంచీ:
2011 నవంబర్ 9న పోయారు కదా శాస్త్రవేత్త హరగోబింద్ ఖొరానా, ఆయన గురించి ఎక్కడ చూసినా "జెనెటిక్ కోడ్ ఛేదించారు, 1968లో నోబెల్" అని ఒక్క లైన్ రాసి వదిలేస్తున్నారు. (కోడ్ అంటే ఆర్ఎన్ఏలో ఏ అక్షరాల వరస ప్రోటీన్‌లో ఏ అమైనో ఆమ్లాన్ని తెస్తుందో చెప్పే పట్టిక.) కానీ 1961 మే నెలలోనే అమెరికా శాస్త్రవేత్త మార్షల్ నైరన్‌బర్గ్ ల్యాబ్‌లో, ఆర్ఎన్ఏ నాలుగక్షరాల్లో (ఏ, యూ, జీ, సీ) అన్నీ యూలే ఉన్న ఆర్ఎన్ఏ వేస్తే ఫినైల్ అలనీన్ అనే అమైనో ఆమ్లం గొలుసు వచ్చింది. మిగతావీ అలాగే చేసుకుంటూ పోతే సరిపోయేది కదా, మధ్యలో ఈయనతో పనేం పడింది? తక్కువ చేసి అడగట్లేదండీ, నిజంగా అర్థంకాకే.

నిద్రలేని పిపెట్:
అలా చేసుకుంటూ పోదామంటేనే కుదర్లేదండీ. అన్నీ యూ, అన్నీ ఏ అయితే ఈజీ, వరసతో పనిలేదు. అదే అప్పట్లో ఎంజైమ్‌తో యూ, సీ కలిపి ఆర్ఎన్ఏ చేస్తే అక్షరాలు ఇష్టమొచ్చినట్టు అతుక్కునేవి, కోడాన్‌లో (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే అక్షరాల గుంపులో) రెండు యూలు ఒక సీ ఉన్నాయని లెక్కగట్టొచ్చు గానీ యూయూసీనా, యూసీయూనా, సీయూయూనా అంటే చేతులెత్తేయడమే.

ఖొరానా బేసిక్‌గా ఆర్గానిక్ కెమిస్ట్. విస్కాన్సిన్‌లో ఆయన టీమ్ ముందు చిన్న డీఎన్ఏ ముక్కల్ని కెమిస్ట్రీతోనే అక్షరం అక్షరం అతికించి, వాటిని డీఎన్ఏ పాలిమరేజ్‌తో పొడుగ్గా కాపీ చేయించి, అందులోంచి ఆర్ఎన్ఏ తీసింది. ఇక్కడో ట్రిక్ ఉంది చూడండి, డీఎన్ఏలో ఒక పోగు టీసీటీసీ అయితే ఎదురు పోగు ఏజీఏజీ, కాపీ చేసేటప్పుడు ట్యూబులో యూ, సీ మాత్రమే వేస్తే యూసీయూసీ ఆర్ఎన్ఏ ఒక్కటే వస్తుంది, రెండోది తయారవ్వడానికి సరుకే లేదు కదా!

దాన్ని సెల్-ఫ్రీ సిస్టమ్‌లో (కణాల్ని పగలగొట్టి తీసిన, ట్యూబులోనే ప్రోటీన్ తయారుచేసే రసంలో) వేస్తే సెరీన్, ల్యూసీన్, సెరీన్, ల్యూసీన్ అని రెండు అమైనో ఆమ్లాలు మారిమారి వచ్చాయి. రెండక్షరాలు రిపీటవుతుంటే అలా రావాలంటే కోడాన్‌లో అక్షరాలు బేసి సంఖ్యలోనే ఉండాలి. మూడక్షరాల రిపీట్ వేస్తే మాత్రం ఎక్కడ చదవడం మొదలెడితే దాన్నిబట్టి వేరేవేరే గొలుసులు, ఒక్కో గొలుసులో ఒక్కటే అమైనో ఆమ్లం. కోడాన్ అంటే మూడక్షరాలే అని ట్యూబులో చూపించేశారన్నమాట.

గొణుగుడు:
అంతా బానే ఉంది గానీ ఆ యూల ప్రయోగం చేతులతో చేసిన హైన్‌రిఖ్ మథేయి పేరు ఎవరూ ఎత్తరేంటి? ఆ టైమ్‌కి నైరన్‌బర్గ్ ఊళ్లోనే లేడు, బర్క్‌లీలో ఉన్నాడు. నోబెల్ ముగ్గురికి మించి ఇవ్వరు, మూడో వాటా రాబర్ట్ హోలీకి, ఆయన తేల్చిన టీఆర్ఎన్ఏ (అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే చిన్న ఆర్ఎన్ఏ) నిర్మాణానికి. అది రావాల్సిందే, కాదన్ను. అయినా ఇది అన్యాయమే నన్నడిగితే.

చివరిబెంచీ:
ఇంకో డౌట్. మారిమారి వస్తే యూసీయూ సెరీనో, సీయూసీ సెరీనో ఎలా తెలుస్తుంది? ఎటు చూసినా ఒకేలా ఉంటుంది కదా?

నిద్రలేని పిపెట్:
ఒక్క దాంతో తెలీదు, కరెక్టే. అక్కడ మళ్లీ నైరన్‌బర్గే కావాలి. 1964లో ఆయనా, ఫిలిప్ లీడరూ కనిపెట్టిందేంటంటే మూడక్షరాల ముక్క ఉంటే చాలు, సరైన టీఆర్ఎన్ఏ వచ్చి రైబోజోమ్‌కి (కణంలో ప్రోటీన్ తయారుచేసే యంత్రానికి) అంటుకుంటుంది. టీఆర్ఎన్ఏ మోసే అమైనో ఆమ్లానికి ముందే రేడియోయాక్టివ్ గుర్తు పెడతారు. నైట్రోసెల్యులోజ్ ఫిల్టర్ మీద పోస్తే రైబోజోమ్ పైనే ఆగిపోతుంది, అంటుకోని టీఆర్ఎన్ఏ కిందికి కారిపోతుంది, ఫిల్టర్ మీద రేడియోయాక్టివిటీ మిగిలితే ఆ కోడాన్ ఆ అమైనో ఆమ్లానిదే. కాకపోతే కొన్ని కోడాన్లకి అంటుకోవడం వీక్‌గా ఉండి రీడింగ్ నమ్మకంగా వచ్చేది కాదు, అలాంటిచోట ఖొరానా రిపీట్లు తేల్చేశాయి. పైగా ఆయన ల్యాబ్ మొత్తం 64 ట్రిప్లెట్లనీ (నాలుగక్షరాలతో కుదిరే మూడక్షరాల ముక్కలన్నీ) తయారుచేసి పెట్టుకుంది. 1966కల్లా టేబుల్ దాదాపు నిండిపోయింది.

గొలుసు ఇక్కడితో ఆపేయమని చెప్పే స్టాప్ కోడాన్ల సంగతి కూడా చూడండి, జీయూఏఏ రిపీట్ వేస్తే పొడుగు గొలుసే రాలేదు, మూడు అమైనో ఆమ్లాలతో ఆగిపోయింది.

చివరిబెంచీ:
ఇప్పుడే టేబుల్ పక్కన పెట్టుకుని రాసి చూశా. జీయూఏ వాలీన్, ఏజీయూ సెరీన్, ఏఏజీ లైసీన్, తర్వాతది యూఏఏ, స్టాప్. భలే ఉంది, థాంక్సండీ.