టైటానియం డయాక్సైడ్: ఏమ్స్ టెస్ట్ నెగటివ్ వస్తే సరిపోతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో టైటానియం డయాక్సైడ్ నానో కణాల మీద పని చేస్తున్నాను. సాల్మొనెల్లా బ్యాక్టీరియాతో ఏమ్స్ టెస్ట్ (జన్యు మార్పులు వస్తాయేమో చూసే పరీక్ష) చేస్తే అన్ని మోతాదుల్లోనూ నెగటివ్ వచ్చింది. "డీఎన్ఏకి హాని లేదు" అని రిపోర్టులో రాసేయవచ్చా? యూరప్‌లో దీన్ని ఆహారంలో నిషేధించారని చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

జవాబు:
అలా రాయకండి. బ్యాక్టీరియాకు గట్టి కణకవచం ఉంటుంది, పైగా మన కణాల్లాగా బయటి రేణువులను మింగే గుణం దానికి లేదు. మీ నానో కణం డీఎన్ఏ దాకా వెళ్లిందో లేదో తెలియనప్పుడు నెగటివ్‌కి అర్థం లేదు. నానో పదార్థాలకు ఏమ్స్ టెస్ట్ తగదని యూరప్ ఆహార భద్రతా సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది.

క్షీరద కణాలతో మైక్రోన్యూక్లియస్ టెస్ట్ (క్రోమోజోములు దెబ్బతింటే ఏర్పడే చిన్న అదనపు కేంద్రకాలను లెక్కించే పరీక్ష) చేయండి, ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 487వ నంబరు పద్ధతి. ఇందులో చాలామంది తడబడేది కణం రెండుగా చీలకుండా ఆపడానికి వేసే సైటోకలాసిన్-బి దగ్గర. అది కణానికి కదలిక ఇచ్చే యాక్టిన్ అనే ప్రొటీన్‌ను దెబ్బతీస్తుంది కాబట్టి రేణువులతో పాటే వేస్తే కణం వాటిని మింగడమే తగ్గిపోతుంది. ముందు రేణువులు వేసి, లోపలికి వెళ్లే వ్యవధి ఇచ్చి, తర్వాత అది కలపండి.

కామెట్ అస్సే (డీఎన్ఏ తెగిందేమో చూసే పరీక్ష) కూడా చేస్తే వెలుతురు విషయంలో జాగ్రత్త. టైటానియం డయాక్సైడ్‌కున్న అనటేజ్ అనే స్ఫటిక రూపం అతినీల కిరణాలకు చురుగ్గా స్పందించి ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తుంది. స్లైడ్ మీద మిగిలిన రేణువులు ల్యాబ్ లైట్ కిందే డీఎన్ఏను తెంచితే, ఆ తెంపులు కణం బతికుండగా జరిగినవే అనుకుంటాం. లైట్లు తగ్గించండి, పసుపు దీపం ఉంటే ఇంకా మంచిది.

ఎంటీటీ (కణాలు ఎన్ని బతికున్నాయో రంగుతో కొలిచే పరీక్ష) చేస్తుంటే కణాలు లేకుండా రేణువులు మాత్రమే ఉన్న వెల్ (ప్లేటులోని గుంట) ఒకటి తప్పక పెట్టండి. రేణువులు కాంతిని చెదరగొట్టి రీడింగ్‌ను మార్చేస్తాయి.

ఇంకో సభ్యుడి జవాబు:
పైవారు చెప్పినవన్నీ సరైనవే. నేనైతే వాటన్నిటికంటే ముందు సైజు చూస్తాను. డబ్బా మీద 21 నానోమీటర్లు అని ఉన్నా మీడియంలో (కణాలను పెంచే ద్రవంలో) వేయగానే గుంపులు కట్టి వందల నానోమీటర్లకు చేరతాయి. డీఎల్ఎస్ కొలత (కాంతి చెదరడాన్ని బట్టి రేణువు సైజు చెప్పేది) నీళ్లలో కాదు, మీరు వాడే మీడియంలోనే తీయండి. మొదట్లో ఒకసారి, 24 గంటల తర్వాత ఇంకోసారి.

యూరప్ సంగతి: 2021 మేలో యూరప్ ఆహార భద్రతా సంస్థ "ఇది క్యాన్సర్ తెస్తుంది" అనలేదు. జన్యు హాని అవకాశాన్ని కొట్టిపారేయలేం కాబట్టి సురక్షిత మోతాదు నిర్ణయించలేం అంది. నిషేధం 2022లో వచ్చింది. 2023లో జేఈసీఎఫ్ఏ (ఆహారంలో కలిపే పదార్థాలపై ఐరాస నిపుణుల సంఘం) మాత్రం పరిమితి అంకె అక్కర్లేదన్న పాత వైఖరినే కొనసాగించింది.

అడిగినవారు:
మరి ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ) దీన్ని 2బి వర్గంలో, అంటే "క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉండొచ్చు" అన్న జాబితాలో, ఎందుకు పెట్టింది?

అదే సభ్యుడు:
అది ప్రధానంగా ఎలుకలు పీల్చిన ప్రయోగాల వల్ల. 1985 నాటి పరీక్షలో ఘనపు మీటరుకు 250 మిల్లీగ్రాముల ధూళి రెండేళ్లు పీలిస్తే ఊపిరితిత్తుల్లో కణితులు వచ్చాయి. అంత ధూళిని ఊపిరితిత్తి బయటికి నెట్టలేక వాపు తగ్గకుండా ఉండిపోతుంది. అమెరికాలో 1979 పరీక్షలో మేతలో 5 శాతం దాకా కలిపినా క్యాన్సర్ పెరగలేదు. కాబట్టి మీ రిపోర్టులో పీల్చడం, తినడం, చర్మానికి రాయడం అనే మూడింటినీ ఒకే వాక్యంలో కలపకండి. ఏమ్స్ ఫలితాన్ని తీసేయక్కర్లేదు. "నానో కణాల విషయంలో ఈ పద్ధతికి పరిమితులున్నాయి" అన్న మాటతో పట్టికలో ఉంచండి.