షికంపూర్ ఏ జిల్లాలో ఉంది?

— హోటల్ మెనూల్లో ‘షికంపురి కబాబ్’ అని రాస్తుంటారు. సిర్పూర్, నర్సాపూర్‌లాగా షికంపూర్ కూడా ఊరేనా? ఎక్కడుందో తెలిసినవారు చెప్పగలరు.

— ఊరు కాదండీ. ఫారసీలో ‘షికమ్’ అంటే కడుపు, ‘పుర్’ అంటే నిండిన. కడుపు నిండినది అన్నమాట. తిన్నవాడి కడుపు కాదు, కబాబు కడుపు! నర్సాపూర్‌లో ఉన్నది సంస్కృత ‘పురం’, దానికీ దీనికీ సంబంధం లేదు. చివర ‘ఇ’ తగిలేసరికి బనారసి, సింధి వరసలో పడి ఊరి పేరైపోయింది.

ఈ ‘పుర్’కి అసలు చుట్టం ‘పూర్ణ’. సంస్కృతం, ఫారసీ ఒకే కుదురు కాబట్టి ఆ రెండు మాటలూ ఒకే వేరు నుంచి వచ్చాయి. ఆ లెక్కన షికంపూర్‌కి మన పూర్ణం బూరె వరసకు అక్క. పైన పొర, లోపల కూరింది, కింద కాగే నూనె.

— షికమ్ మన పేపర్లలో రోజూ కనిపిస్తూనే ఉంది కదా సార్, ‘చెరువు శిఖం కబ్జా’ అని. రెవెన్యూ రికార్డుల ‘షికం తలాబ్’ అదే: చెరువు కడుపు, నీళ్లు నిలిచే మేర. ‘ఖ’ పెట్టి రాయడంతో శిఖరం గుర్తొచ్చి అర్థం తలకిందులైంది.

— మరి షమీ కబాబుకీ షికంపురికీ తేడా?

— ముద్ద దాదాపు ఒకటే. షమీలో కూరడం తప్పనిసరి కాదు, ఇందులో పొట్టలో పెరుగు లేకపోతే పేరే చెల్లదు. అరకిలో ఖీమాకు 100 గ్రాముల శనగపప్పు. అల్లంవెల్లుల్లి, ఎండుమిర్చి, గరం మసాలాతో ఉడికించి నీరంతా ఇగరనివ్వాలి. తడి మిగిలితే పెనం మీద విచ్చిపోతుంది. చల్లారాక మెత్తగా నూరాలి. పెరుగును గుడ్డలో కట్టి నాలుగైదు గంటలు వేలాడదీసి, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, పుదీనా కలపాలి. ఉప్పు మాత్రం కూరే ముందే. తొందరపడి వేస్తే ఉల్లి నీరొదులుతుంది, ఆ నీరు పెనం మీద ఆవిరై పొట్ట పగలగొడుతుంది. నిమ్మకాయంత ముద్దలో ఈ పెరుగు అరచెంచా పెట్టి మూస్తే చాలు. అరంగుళం మందాన అదిమి, కొద్దిపాటి నూనెలో, ఒక పక్క ఎర్రబడేదాకా కదపకుండా వేయించాలి.

— అంత చేసినా అంచు దగ్గర పెరుగు కారుతోందంటే?

— అతుకు సరిగ్గా పడలేదు. తడివేలితో రుద్ది, అతుకున్న వైపే ముందు పెనానికి ఆనించండి.